పంచాయతీని మున్సిపాలిటీలో కలిపేస్తామంటే ఊరివాళ్లు ఏం చేయగలరు

మీ ప్రశ్న సారాంశం ఇది: ఊరు పట్టణానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది, పంచాయతీని రద్దు చేసి మున్సిపాలిటీలో కలుపుతున్నారని అందరూ అంటున్నారు, ఊళ్లో ఎవరినీ అడగలేదు. ఇలా చేయడానికి ప్రభుత్వానికి అధికారం ఉందా, గ్రామసభ వద్దంటే ఆగిపోతుందా, పన్నులు, పట్టాలు ఏమవుతాయి? మీది ఆంధ్రానా తెలంగాణానా రాయలేదు, కాబట్టి రెండింటికీ కలిపి చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో రెండు రాష్ట్రాల దారులు వేరైపోయాయి. నేను పంచాయతీరాజ్ శాఖలో చేరి డివిజనల్ పంచాయతీ అధికారిగా రిటైర్ అయినవాడిని. విలీనం ఫైళ్లు రెండు వైపుల నుంచీ చూశాను, పంపినవాళ్ల వైపు నుంచి, అభ్యంతరాలు తెచ్చిన ఊరివాళ్ల వైపు నుంచి కూడా.

ముందు కష్టమైన మాట చెప్పేస్తాను. ప్రభుత్వానికి అధికారం ఉంది, మీ ఒప్పుకోలు లేకపోయినా ఉంది. "గ్రామసభ తీర్మానం చేస్తే చాలు, ఆగిపోతుంది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ అధికారం ఉన్నంత మాత్రాన ఎలా పడితే అలా చేయడానికి లేదు, చట్టంలో రాసిన పద్ధతి ప్రకారమే చేయాలి. ఊరివాళ్ల బలమంతా ఆ పద్ధతిలోనే ఉంది. దాన్ని వదిలేసి రోడ్డు మీద కూర్చోవడం ఒక్కటే నమ్ముకున్న ఊళ్లు చివరికి నష్టపోయాయి.

రాజ్యాంగం ఏం చెప్పిందో చూద్దాం. పంచాయతీల గురించిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న, మున్సిపాలిటీల గురించిన 74వ సవరణ అదే ఏడాది జూన్ 1న అమల్లోకి వచ్చాయి. ఏది నగర పంచాయతీ, ఏది మున్సిపాలిటీ, ఏది కార్పొరేషన్ అన్నది 243క్యూ అధికరణం కింద గవర్నర్ నోటిఫికేషన్ ద్వారా ప్రకటించాలి. గవర్నర్ అంటే ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వమే. అయితే ఏం చూసి ప్రకటించాలో కూడా అక్కడే రాశారు: ఆ ప్రాంత జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే ఆదాయం, వ్యవసాయం కాని పనుల్లో ఉన్నవాళ్ల శాతం, ఆర్థిక ప్రాముఖ్యం, ఇంకా సరైనవనుకున్న ఇతర అంశాలు. ఈ వాక్యాన్ని గట్టిగా పట్టుకోండి, మీ అభ్యంతర పత్రమంతా దీని చుట్టూనే తిరగాలి. "మా ఊరి పేరు పోతుంది, తాతల నాటి ఊరు" అని రాస్తే కలెక్టరేట్‌లో సానుభూతిగా చదువుతారేమో గానీ ఫైలు మీద అది ఎక్కడా నిలబడదు. ఊళ్లో పనిచేసేవాళ్లలో ఎక్కువ మంది ఇప్పటికీ పొలం మీదే బతుకుతున్నారు, పట్టణానికీ ఊరికీ మధ్య అంతా సాగు భూమే ఉంది, ఇంటి పన్ను రాబడి ఇంతే అని లెక్కలతో రాస్తే మాత్రం ఎవరో ఒకరు దానికి సమాధానం రాయాల్సి వస్తుంది.

ఇక్కడ చాలామంది కలగాపులగం చేసే సంగతి ఒకటుంది. రెవెన్యూ గ్రామం వేరు, గ్రామ పంచాయతీ వేరు. పంచాయతీ రద్దయినంత మాత్రాన రెవెన్యూ గ్రామం రద్దు కాదు. సర్వే నంబర్లు మారవు, పట్టాదారు పాస్‌బుక్కులో భూమి మీ పేరు మీదే ఉంటుంది, తహసీల్దార్ ఆఫీసు అక్కడే ఉంటుంది. అలాగే జిల్లా వేరు, జిల్లా పరిషత్ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4 నుంచి 13 జిల్లాలు 26 అయ్యాయి, కానీ 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్‌లు పాత 13 గానే కొనసాగాయి. తెలంగాణలో 2016 దసరా రోజు 31 జిల్లాలు వచ్చాయి, అయినా కొత్త జిల్లాల లెక్కన జిల్లా పరిషత్‌లు ఏర్పడింది 2019 ఎన్నికలతోనే, అప్పటికి జిల్లాలు 33 అయ్యాయి, హైదరాబాద్ మినహా 32. రెవెన్యూ హద్దులకు ఒక చట్టం, ఎన్నికైన సంస్థలకు ఇంకో చట్టం. కాబట్టి "మా ఊరు మారిపోతోంది" అన్నప్పుడు ఏ హద్దు మారుతోందో ముందు తేల్చుకోండి, లేకపోతే ఒక ఆఫీసుకు వెళ్లాల్సిన కాగితం ఇంకో ఆఫీసులో పడి ఉంటుంది.

ఆంధ్రాలో అయితే పంచాయతీల విషయం 1994 పంచాయతీరాజ్ చట్టంలోని సెక్షన్ 3 కింద నడుస్తుంది. కొత్త పంచాయతీ ఏర్పాటు, రెండింటిని కలపడం, ఉన్నదాన్ని చీల్చడం, హద్దులు మార్చడం, పేరు మార్చడం, అసలు నోటిఫికేషన్‌నే రద్దు చేయడం, అన్నీ ఆ సెక్షన్‌లోనే. ప్రభావం పడే పంచాయతీ తన మాట చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి. మున్సిపాలిటీ వైపు 1965 మున్సిపాలిటీల చట్టం ఉంది. అంటే జరగాల్సినవి రెండు పనులు, ఒకవైపు పంచాయతీ హోదా రద్దు కావాలి, మరోవైపు ఆ ప్రాంతాన్ని మున్సిపాలిటీలో చేర్చినట్టు నోటిఫికేషన్ రావాలి. ఈ రెండింటి తేదీలు, వాటిలో రాసిన గ్రామాల పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు పొంతన కుదరాలి. కుదరకపోతే ఊరు రెండింటికీ చెందకుండా మధ్యలో ఉంటుంది, జనన ధృవీకరణ పత్రం ఎవరివ్వాలో, వీధి దీపాల కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తెలియని పరిస్థితి వస్తుంది. గెజిట్ చేతికి రాగానే మొదట చూడాల్సింది ఈ పొంతనే.

ఆంధ్రాలో గ్రామసభలు గట్టిగా మాట్లాడిన సందర్భానికి అమరావతి గ్రామాలను చూడండి. 2022 జనవరిలో 19 గ్రామాలతో కార్పొరేషన్ అన్నారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో 22 గ్రామాలతో మున్సిపాలిటీ అన్నారు. రెండుసార్లూ గ్రామసభలు వ్యతిరేకించాయి. వాళ్ల వాదన ఏమిటంటే, రాజధానికి భూమి ఇచ్చిన 29 గ్రామాలనూ ఒకటిగా ఉంచండి, కొన్నిటిని విడదీసి చేయొద్దు అని. ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. ఊరికే వద్దు అనకుండా, ఏ హద్దు సరైనదో, ఎందుకు సరైనదో చెప్పారు. ఆ తీర్మానాలు రికార్డులో మిగిలాయి.

తెలంగాణ సంగతి వేరు, ఇంకా కఠినం. 2018 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామ పంచాయతీల పేర్లను చట్టానికి జతపరిచిన షెడ్యూల్‌లోనే రాసేశారు. దాంతో ఒక పంచాయతీని తీసేయాలంటే షెడ్యూల్‌ను సవరించాలి, అంటే ఆర్డినెన్స్ గానీ అసెంబ్లీలో బిల్లు గానీ కావాలి. వినడానికి ఇది ఊరికి రక్షణలా అనిపిస్తుంది. నిజానికి మీకు ఉన్న తలుపు మూసుకుపోయింది. అధికారి నోటిఫికేషన్ ఇస్తే అభ్యంతరాలు తీసుకోవాలి, విచారించాలి. చట్టసభే చట్టం చేస్తే మీ ఊరికి నోటీసు ఇచ్చే పని లేదు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న 51 పంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపింది ఈ దారిలోనే, మొదట ఆర్డినెన్స్‌తో. అప్పటికి సర్పంచుల పదవీకాలం ముగిసి ఏడు నెలలు అయింది, ఊరి తరఫున తీర్మానం చేయడానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు, ఉన్నది ప్రభుత్వం వేసిన ప్రత్యేక అధికారి. 2018 ఆగస్టులో కొత్త మున్సిపాలిటీలు ఏర్పడినప్పుడూ ఇదే క్రమం, సర్పంచుల పదవీకాలం అయిపోగానే అవి అమల్లోకి వచ్చాయి. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, మీ పాలకవర్గం గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఏదైనా తీర్మానం చేయాలంటే సర్పంచ్, వార్డు సభ్యులు కుర్చీలో ఉండగానే చేయించాలి. ఆంధ్రాలో 2021లో ఎన్నికైన పంచాయతీలకు ఐదేళ్ల గడువు 2026 వరకే, అక్కడివాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది.

అలాంటప్పుడు తెలంగాణ ఊళ్లు ఏం చేయాలి? ఆర్డినెన్స్ రాకముందు కింది నుంచి ఒక ప్రతిపాదన పోతుంది. జిల్లా పంచాయతీ అధికారి దగ్గర నుంచి జనాభా, దూరం, ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రొఫార్మా అనే ఫారంలో అడుగుతారు, అవి కలెక్టర్ ద్వారా పైకి వెళ్తాయి. మీ పంచాయతీ కార్యదర్శిని "ఈ మధ్య ఏమైనా ప్రొఫార్మా అడిగారా" అని ఒక్క మాట అడగండి, తెలిసిపోతుంది. ఆ దశలోనే మీ లెక్కలు కలెక్టర్‌కు, మున్సిపల్ శాఖకు, ఎమ్మెల్యేకు రాతపూర్వకంగా చేరాలి. ఆర్డినెన్స్ వచ్చాక కూడా అది బిల్లుగా అసెంబ్లీకి రావాలి, సభ మళ్లీ సమావేశమైన ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే అది చెల్లదు. బిల్లు చర్చకు వచ్చేదాకా మీ ఎమ్మెల్యేకు మీ ఊరి గురించి మాట్లాడే బాధ్యత ఉంది, అది ఆయనకు గుర్తు చేయండి.

కోర్టు గురించి అందరూ అడుగుతారు, అక్కడ కూడా నిజమే చెప్తాను. హద్దుల నిర్ణయం చట్టం చేయడం లాంటి పని, అది ఒక మనిషి మీద తీసుకునే చర్య కాదు, కాబట్టి చట్టంలో లేని విచారణ హక్కు అడగలేరు అని సుప్రీంకోర్టు 1980లో తులసీపూర్ షుగర్ కంపెనీ కేసులో, మళ్లీ 2002లో పంజాబ్ ప్రభుత్వం, తెహల్ సింగ్ కేసులో చెప్పింది. 1987లో బల్దేవ్ సింగ్ కేసులో మాత్రం, హిమాచల్‌లో పల్లె ప్రాంతాన్ని నోటిఫైడ్ ఏరియాగా, అంటే పట్టణ పాలన కిందికి, మార్చేటప్పుడు అక్కడివాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలంది, ఎందుకంటే వాళ్ల మీద కొత్త పన్నులు, కొత్త బాధ్యతలు పడతాయి. లాయర్లు ఈ రెండు వైపులా తీర్పులు చదువుతారు. నా అనుభవంలో పంచాయతీల తరఫున హైకోర్టులో వేసి గెలిచిన రిట్‌లన్నీ పద్ధతి తప్పిన చోటే గెలిచాయి, అభ్యంతరాలకు గడువు ఇవ్వలేదని, ఇచ్చిన అభ్యంతరాలను చూడకుండానే తుది నోటిఫికేషన్ ఇచ్చారని, హద్దులు తప్పుగా రాశారని. విధానం మంచిదా చెడ్డదా అని వాదించినవి నిలబడలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎన్నికల ప్రక్రియ మొదలైతే 243ఓ, 243జడ్‌జీ అధికరణాల వల్ల కోర్టులు జోక్యం చేసుకోవు. పోలింగ్ షెడ్యూల్ వచ్చాక పరుగెత్తితే "ఇన్నాళ్లు ఏం చేశారు" అని అడుగుతారు. వెళ్లాలనుకుంటే గెజిట్ వచ్చిన వెంటనే వెళ్లండి.

జిల్లా, మండలం, రెవెన్యూ డివిజన్ మార్పులైతే 1974 జిల్లాల ఏర్పాటు చట్టం కింద జరుగుతాయి. అక్కడ ముసాయిదా నోటిఫికేషన్, అభ్యంతరాలకు 30 రోజులు, తర్వాత తుది నోటిఫికేషన్. ఈ 30 రోజులకు విలువ లేదనుకునేవాళ్లకు తెలంగాణనే చూపిస్తాను. 2016 ఆగస్టు 22 ముసాయిదాలో కొత్త జిల్లాలు 17 మాత్రమే. గద్వాల, జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్ అందులో లేవు. అక్టోబర్ 11న తుది జాబితాలో ఆ నాలుగూ ఉన్నాయి. ఆందోళనలు ఎంత చేశాయో, కుప్పలుగా పోయిన వినతిపత్రాలు అంతే చేశాయి. అన్నిచోట్లా ఇలా జరగదు, 2022లో హిందూపురం వాళ్లు జిల్లా కేంద్రం కోసం ఎంతో పోరాడినా శ్రీ సత్యసాయి జిల్లా కేంద్రం పుట్టపర్తిగానే మిగిలింది. ఆ ఏడాదే మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అభ్యంతరాల గడువు ఇంకా నడుస్తూనే ఉంది అప్పటికి. కాగితం మీద చెప్పుకునే దారి తెరిచి ఉండగా ఊళ్లోని కుర్రాళ్లు కేసుల్లో ఇరుక్కున్నారు. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఈ విషయం ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

రాష్ట్ర సరిహద్దు అయితే రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఏమీ లేదు, మూడో అధికరణం కింద పార్లమెంటే చేయాలి. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రాలో కలిసింది అలాగే. భద్రాచలం పక్కనే ఉన్న యటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలు తిరిగి తెలంగాణలో కలపమని అడుగుతున్నా ఏ కలెక్టరూ ఏమీ చేయలేకపోవడానికి కారణం అదే.

మీది ఏజెన్సీ ప్రాంతమైతే లెక్క మొత్తం మారుతుంది. రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు, అంటే ఏజెన్సీకి, వర్తించదని 243జడ్‌సీ చెప్తుంది, పార్లమెంట్ చట్టం చేస్తే తప్ప. పంచాయతీలను ఆ ప్రాంతాలకు విస్తరించడానికి 1996లో పెసా చట్టం వచ్చింది, మున్సిపాలిటీలకు అలాంటిది రాలేదు. పాల్వంచ, మణుగూరు, మందమర్రి మున్సిపాలిటీలలో దశాబ్దాల తరబడి ఎన్నికలు జరగనిది ఈ చిక్కు వల్లనే. ఏజెన్సీలో ఎవరైనా మున్సిపాలిటీ చేస్తామంటే సంబరపడే ముందు ఆ మూడు పట్టణాల వాళ్లతో మాట్లాడండి.

ఇప్పుడు నన్ను బాధపెట్టే విషయానికి వస్తాను. విలీనం మీద గొడవపడేవాళ్లు పన్నుల గురించే అడుగుతారు, ఎన్నిక ఎప్పుడు పెడతారని అడగరు. అసలు నష్టం అక్కడే ఉంది. పంచాయతీ రద్దయిన రోజే సర్పంచ్ పదవి పోతుంది, వార్డు సభ్యులు పోతారు. మున్సిపాలిటీలో వార్డుల పునర్విభజన జరగాలి, రిజర్వేషన్లు తేలాలి, ఓటర్ల జాబితా రావాలి. అప్పటిదాకా ప్రత్యేక అధికారే దిక్కు. హైదరాబాద్ చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ చేశారు, మొదటి ఎన్నిక 2009 నవంబర్‌లో జరిగింది. విశాఖలో 2005లో గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనూ కలిపి గ్రేటర్ చేశారు, 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది, 2013లో అనకాపల్లి, భీమునిపట్నాలను కూడా కలిపారు. మళ్లీ ఓటు వేసింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు! గాజువాకలో డ్రైనేజీ పొంగితే అడగడానికి ఒక వార్డు మెంబర్ కూడా లేని తొమ్మిదేళ్లు. హద్దుల పని మిగిలి ఉందని ఎన్నిక వాయిదా వేయడం కుదరదని సుప్రీంకోర్టు 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో చెప్పింది, 2022లో మధ్యప్రదేశ్ మీద వచ్చిన సురేష్ మహాజన్ కేసులో, పునర్విభజన పూర్తికాకపోతే ఉన్న వార్డులతోనే ఎన్నిక పెట్టండి అని ఆదేశించింది. ఊళ్లు గట్టిగా వాడుకోవాల్సిన తీర్పులు ఇవి. విలీనాన్ని ఆపలేకపోయినా ఎన్నిక కోసం రిట్ వేయండి, ఆ కేసులో మీకు బలం ఎక్కువ.

పన్నుల సంగతి కూడా చెప్తాను. పంచాయతీ లెక్కలో ఉన్న ఇంటి పన్ను ఆ తర్వాత మున్సిపల్ చట్టం ప్రకారం వేస్తారు, పెరుగుతుంది. కొంతకాలం పాత పన్నే ఉంచుతామని నాయకులు మీటింగుల్లో చెప్తారు, అది జీవోలో రాశారా, ఎన్నేళ్లని రాశారా చూడండి, జీవోలో లేని హామీకి మున్సిపల్ బిల్ కలెక్టర్ విలువ ఇవ్వడు. ఉపాధి హామీ పనులు గ్రామీణ ప్రాంతానికే కాబట్టి అవి ఆగుతాయి, కూలికి వెళ్లే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో అభ్యంతరంలో తప్పకుండా రాయండి, ఇంతకంటే బలమైన అంకె మీ దగ్గర ఇంకోటి ఉండదు. పంచాయతీ ఖాతాలో ఉన్న డబ్బు, భూములు, భవనం, ట్రాక్టరు, సిబ్బంది అన్నీ మున్సిపాలిటీకి వెళ్తాయి, అప్పులూ వెళ్తాయి. ఆస్తుల రిజిస్టర్ జిరాక్సు ఇప్పుడే తీయించి ఊళ్లో ముగ్గురు నలుగురి దగ్గర ఉంచండి, ముఖ్యంగా లేఅవుట్లలో వదిలిన ఖాళీ స్థలాల వివరాలు. అప్పగింతలప్పుడు మాయమయ్యేవి మొదట ఆ స్థలాలే.

లాభం లేదని మాత్రం అనను. పట్టణంలా మారిపోయిన ఊరికి పంచాయతీ ఆదాయంతో మురుగు కాలువలు కట్టడం జరిగే పని కాదు, ప్లాన్ అనుమతులు, నీటి పైపులు, చెత్త సేకరణ మున్సిపాలిటీలోనే మెరుగ్గా ఉంటాయి. మీ ఊళ్లో సగం ఇళ్లు పట్నంలో ఉద్యోగం చేసుకునేవాళ్లవే అయితే వద్దని ఎందుకు అంటున్నారో ఒకసారి కూర్చుని ఆలోచించండి. కలపండి, కానీ మాకు ఒకే వార్డు ఇవ్వండి, ముక్కలు చేసి మూడు వార్డుల్లో పంచొద్దు, పన్ను మీద ఇంత గడువు జీవోలో పెట్టండి అని అడగడం కొన్ని ఊళ్లకు ఎక్కువ పనికొస్తుంది. వార్డుల ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ ఉంటుంది, ఆ వారంలో ఊళ్లో పెళ్లిళ్లున్నా సరే ఎవరో ఒకరు వెళ్లి కాగితం ఇచ్చి రావాలి.

జనగణన గడువు కూడా దృష్టిలో పెట్టుకోండి. 2027 జనగణన కోసం 2025 డిసెంబర్ 31 లోపే హద్దుల మార్పులు పూర్తి చేయమని, 2026 జనవరి 1 నుంచి 2027 మార్చి 31 దాకా వాటిని కదపొద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. 2025 చివరిలో హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను గ్రేటర్‌లో కలపడం అంత హడావిడిగా జరగడానికి ఇదీ ఒక కారణం. అంతకుముందు జనగణన కోసం పెట్టిన గడువును 2019 చివర నుంచి మొదలుపెట్టి 2024 జూన్ దాకా చాలాసార్లు పొడిగించారు, కాబట్టి ఈ తేదీలు రాతి మీద రాసినట్టు అనుకోవద్దు. మీకు దొరికిన ఈ సమయాన్ని ఫైలు తయారు చేసుకోవడానికి వాడండి.

ఈ వారమే చేయాల్సింది చెప్తాను. కలెక్టరేట్‌కు, జిల్లా పంచాయతీ కార్యాలయానికి, మున్సిపల్ కమిషనర్‌కు వేర్వేరుగా సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. మీ పంచాయతీ పేరు రాసి, విలీనం గురించి వచ్చిన, పంపిన ఉత్తరాల ప్రతులు, జతపరిచిన ప్రొఫార్మాతో సహా ఇవ్వమని అడగండి, "విలీనం చేస్తున్నారా" అని ప్రశ్న మాత్రం వేయొద్దు, ప్రశ్నకు జవాబివ్వరు, కాగితం అడిగితేనే ఇస్తారు. ఇంకోవైపు గ్రామసభ పెట్టించండి, కోరం చూసుకోండి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పూర్తయ్యాక ధృవీకరించిన నకలు తీసుకోండి. తెల్ల కాగితం మీద రాసి సంతకాలు పెట్టిన దాన్ని తీర్మానం అనరు. మూడేళ్ల డీసీబీ (పన్ను డిమాండ్, వసూలు, బకాయి) స్టేట్‌మెంట్, 2011 జనగణనలో మీ ఊరి పనివాళ్ల పట్టిక, జాబ్ కార్డుల సంఖ్య, పట్టణ హద్దు నుంచి దూరం చూపించే గ్రామ నక్షా, ఇవి తీర్మానానికి జతచేసి ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, కోర్టుకు వెళ్లాల్సి వస్తే లాయరు మొదట అడిగేది ఆ రసీదునే.